అప్పలకొండ అరచెయ్యి

1

చేతులు నానబెట్టే గిన్నెలో నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. మరీ వేడైతే తోలు ముడుచుకుపోతుంది, చల్లగా ఉంటే కాయలు మెత్తబడవు. పొద్దున దుకాణం తెరవగానే నేను చేసే మొదటి పని అదే. నీళ్ళలో కాస్త ఉప్పు, కాస్త ఆముదం. కొత్తరేవులో వలలు లాగేవాళ్ళు, రొయ్యలు వలిచేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు అందరూ వారానికోసారి నా దగ్గరికి రావలసిందే. అరచేతిలో గీతలు అరిగిపోతే యంత్రం గుర్తుపట్టదు. యంత్రం గుర్తుపట్టకపోతే బియ్యం రావు, బస్సు ఎక్కనివ్వదు, అద్దెగది తలుపైనా తెరుచుకోదు.

మా అమ్మ చిన్నప్పుడు డబ్బు కాగితాలుగా ఉండేదట. తర్వాత కార్డులొచ్చాయట. కార్డులు కొట్టేస్తున్నారు, వాటి నంబర్లు కాజేస్తున్నారు అని గోల పెరిగాక, ఎవడూ ఎత్తుకుపోలేనిది చెయ్యి ఒక్కటేనంటూ ముద్ర సంస్థ వాళ్ళు ఊరూరా తిరిగి అందరి కుడి అరచేతుల అచ్చులూ తీసుకున్నారు. నాకు ఊహ తెలిసేసరికే చెయ్యి పెట్టందే గ్లాసుడు టీ కూడా రాని రోజులు.

ఇవాళ మధ్యాహ్నం తమ్ముడు అప్పలకొండ వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పని వాడిది. మంచూ ఉప్పూ కలిసి వాడి చేతుల్ని తినేస్తున్నాయి. పొద్దున గేటు దగ్గర యంత్రం వాడి చెయ్యి రెండుసార్లు కాదందట.

"మూడోసారి ఒప్పుకుందిలే అక్కా. అది కూడా నాలాగే, పొద్దున పూట మత్తుగా ఉంటాది," అని నవ్వాడు.

చెయ్యి నానబెట్టించి కాయలు గీరాను. బొటనవేలి కింద ఐసు కొక్కెం దిగిన పాత గాటు ఒకటుంది. వంకరగా తిరిగి, ఆయుష్షు గీతను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. దాని చుట్టూ జాగ్రత్తగా గీరాలి.

"గట్టిగా రుద్దకే. ఉన్న నాలుగు గీతలూ ఊడిపోతే నువ్వే నాకు కూడు పెట్టాల."

"పెడతాలే. రేపు ఆఫీసుకెళ్ళి కొత్తగా ముద్ర వేయించుకుందాం, నేనూ వస్తాను," అన్నాను.

2

ధ్రువీకరణ ఆఫీసులో అద్దం వెనక హేమచంద్ర గారు కూర్చుంటారు. మా రేవుకంతటికీ ఆయనే అధికారి. వేలికి నీలంరాయి ఉంగరం, ఇస్త్రీ నలగని చొక్కా. ఆయన మనుషుల మొహాలు చూడరు. కిటికీలోంచి లోపలికొచ్చిన చెయ్యి చూస్తారు, అంతే.

తమ్ముడి చెయ్యి మెత్తటి మైనపు పలక మీద పెట్టించి, పైనుంచి తానే అదిమారు. అచ్చు బాగా పడిందో లేదో వెలుతురుకు పెట్టి చూసుకున్నారు. ఆ తర్వాత తెర వంక చాలాసేపు చూసి, "ఈ అరచెయ్యి నిన్ననే వేరే ఊళ్ళో ఎవరో వాడారు. ఒక చెయ్యి రెండు చోట్ల ఎలా ఉంటుంది?" అన్నారు.

"నాను నిన్న ఫ్యాక్టరీలోనే ఉన్నాను సార్. అడగండి," అన్నాడు తమ్ముడు.

"గీతలు అరిగిపోయి ఉన్నాయి. అరిగినది నకలు కింద లెక్క. విచారణ అయ్యేదాకా మూసేస్తున్నాను."

"సార్, వాడు నా తోడబుట్టినవాడు. వాడి చెయ్యి నేనెరగనా?" అన్నాను.

"నువ్వు ఎరిగితే సరిపోదమ్మా, యంత్రం ఎరగాలి. తర్వాత!"

వెనకనున్న చెయ్యి కిటికీలోకి వచ్చేసింది. మేమింకా గుమ్మం దాటకముందే తమ్ముడి ఫోను నల్లబడిపోయింది. చెయ్యి మూతపడితే ఫోను కూడా మూగబోతుంది.

3

మూతపడ్డ చేతికి ఎవరైనా ఏదైనా కొనిపెడితే వాళ్ళ చెయ్యీ అనుమానపు చేతుల్లో చేరిపోతుంది. ఆఫీసు భాషలో దానికి పెద్ద పేరేదో ఉంది. రేవులో అందరూ అంటు అంటారు.

అందుకని వాడికి నేను ఏదీ కొనకూడదు. నా ఒక్కదాని బియ్యమే ఇద్దరం తినాలి. కాస్త ఎక్కువ కొన్నా "మీ ఇంట్లో కొత్తగా ఎవరున్నారు?" అని ఫోను అడుగుతుంది. ఫ్యాక్టరీ వాళ్ళు వాణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. వాడితో పన్నెండేళ్ళు దిమ్మలు లాగినవాళ్ళు రోడ్డుకు అవతలి పక్కగా నడుస్తున్నారు.

వాడికి తోడు దొరికింది మాణిక్యమ్మత్త ఒక్కతే. మాకు చుట్టం కాదు. రేవు మలుపులో పుణుకులు వేసి అమ్మేది. గత వేసవిలో ఆవిడ చేతిని కూడా హేమచంద్ర గారే మూశారు. నూనె కాగీ కాగీ గీతలు కాలిపోయాయని చెప్పారు. అప్పటినుంచీ చేపల రేవులో రాలిన చేపలు ఏరుకుని, పొయ్యి మీద కాల్చుకుని బతుకుతోంది. మూతపడ్డవాళ్ళు మూతపడ్డవాళ్ళకి పెట్టుకోవచ్చు. పోగొట్టుకోడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ లేదు కాబట్టి యంత్రానికి పట్టదు.

"ఒలే రత్నం, నీ కంచంలోది వాడికి పెట్టకు. వాణ్ణి నా కాడికి అంపించు," అంది ఆవిడ. "నీ సెయ్యి కూడా పోతే కుళాయి కాడ సెయ్యెట్టి మనకి నీళ్ళు ఎవుత్తెస్తాది?"

4

ఈ సాయంత్రం తమ్ముడు తెప్ప కడుతున్నాడు. పాత ప్లాస్టిక్ పీపాలు, వెదురు, ఎక్కడో ఏరిన నైలాన్ తాడు. పడవలకి చెయ్యి పెట్టందే ఇంజను కదలదు. తెప్పకి ఆ గొడవ లేదు.

"నీకు ఈత తప్ప సముద్రం గురించి ఏం తెలుసురా?" అని అరిచాను.

"తాత ఎల్లలేదా? సేపలు నా సెయ్యి అడగవు కదక్కా."

"విచారణ అయిపోతుంది. ఇంకో నెల ఆగు."

వాడు ముడి వేయడం ఆపి నా మొహంలోకి చూశాడు. "నువ్వు రోజూ తిన్నానని అబద్ధాలాడతన్నావు. నాకు తెల్దనుకున్నావేటి?"

 నేను వెదురు పట్టుకుని కూర్చుంటే వాడు రెండో కొస కూడా కట్టేశాడు.

5

తుపాను హెచ్చరిక మధ్యాహ్నం అందరి ఫోన్లకూ వచ్చింది. నా ఫోను కూడా మోగింది. రేవులో ఒకప్పుడు సైరన్ ఉండేది. అందరికీ ఫోన్లున్నాయి కదా అని దాన్ని పీకేసి చాలా కాలమైంది. పడవలన్నీ మొహం తిప్పుకుని ఒడ్డుకు వచ్చేశాయి. తెప్ప రాలేదు. సముద్రం మీద ఉన్నవాళ్ళలో ఫోను మోగనిది వాడొక్కడిదే.

గాలి తగ్గాక ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. మొహం చూసి వాడేనని చెప్పలేకపోయాను. చెయ్యి తిప్పి, బొటనవేలి కింద చూశాను.

6

చావు నమోదు చేయించడానికి వెళ్ళాను. యంత్రం మర్యాదగా మాట్లాడింది. "అప్పలకొండ గారి చెయ్యి మూసి ఉంది. మూసి ఉన్న చేతికి మరణ నమోదు వీలుకాదు. మీ ప్రాంత ధ్రువీకరణ అధికారిని కలవండి."

కిటికీ ముందు గంటలకొద్దీ నిలబడ్డాను. చివరికి హేమచంద్ర గారు నా చెయ్యి చూశారు.

"మనిషిని తీసుకురా, విచారణ చేస్తాను."

"మనిషి పోయాడు సార్."

"పోయినట్టు నమోదు కాలేదే."

ఆ మాటలో వెటకారం లేదు, కోపమూ లేదు. చొక్కా మీది దుమ్ము దులుపుకున్నట్టు అనేసి, "తర్వాత!" అన్నాడు. అప్పటినుంచీ నా మనసులో ఆయనకు గారూ లేదు, ఆయనా లేదు.

కాబట్టి లెక్క ప్రకారం నా తమ్ముడు బతికే ఉన్నాడు. నకలు చెయ్యి వాడిన దొంగగా బతికున్నాడు.

7

ఎండలు ముదిరాయి. ఇవాళ మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేని సమయం చూసుకుని ఒక మనిషి వచ్చాడు. టోపీ, నల్లకళ్ళద్దాలు, మాసిన చొక్కా. లోపలికి రాగానే తలుపు దగ్గరికి వేశాడు. అరచేతికి కట్టు కట్టుకున్నాడు. కట్టు విప్పితే కింద గాయమేమీ లేదు. నీలంరాయి ఉంగరం ఉంది.

నా మొహం చూశాడు. గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు, ఎప్పుడైనా చూస్తే కదా!

"చెయ్యి కాలింది. ఆసుపత్రిలో కొత్త తోలు ఇచ్చారు," అంటూ చిన్న డబ్బా తీశాడు. "అంటిస్తున్నాను కానీ చెమటకి అంచులు లేచిపోతున్నాయి. నువ్వు బాగా చేస్తావని విన్నాను. బుడగలు రాకూడదు. గంటసేపు ఉంటే చాలు. తిరిగొచ్చాక తీసేయాలి."

డబ్బాలో ఉల్లిపొర లాంటి తోలు మడిచి ఉంది. నీళ్ళలో వేసి విప్పాను. అది ఒక అరచెయ్యి. వేళ్ళతో సహా. సవరిద్దామని వెలుతురు వైపు తిప్పాను.

బొటనవేలి కింద వంకర గాటు. ఆయుష్షు గీతను కోసుకుంటూ పోతోంది.

 ఫ్యాను తిరుగుతోంది గానీ నాకు చప్పుడు వినిపించలేదు. నేను వారం వారం ఆముదం రాసి మెత్తబరిచిన చెయ్యి. ఒడ్డున ఇసకలో తిప్పి చూసిన చెయ్యి. ఇప్పుడది వీడు తన చేతికి తొడగమంటున్నాడు.

"ఏమ్మా, ఆగిపోయావేం?"

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదండీ," అన్నాను.

అప్పటికి అంతా అర్థమైంది. వేరే ఊళ్ళో ఎవరూ ఆ చెయ్యి వాడలేదు. మూసేది వీడు, తెరిచేది వీడు. మూతపడ్డ చేతి ఖాతాలో ఉన్నదంతా అలాగే ఉంటుంది. తమ్ముడికి ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు దాచిన పీఎఫ్ ఉంది. మైనపు పలక మీద అచ్చు తీసుకుని, తోలు పోయించుకుని, తన ఆఫీసులో కూర్చుని ఒక్క గంట ఆ చెయ్యి తెరిచి, తొడుక్కుని వెళ్ళి తోడుకుంటే అడిగేవాడెవడు? ఆ చెయ్యి తాలూకు మనిషిని ఎవడు నమ్ముతాడు?

మామూలు జిగురుతో అంటించాను. అంతకుమించి ఆలోచించే శక్తి ఆ క్షణాన లేదు. గంటలోపు తిరిగొచ్చాడు, వెచ్చటి కొబ్బరినూనెతో ఊడదీశాను. మళ్ళీ డబ్బాలో పెట్టుకున్నాడు.

"ఒకేసారి మొత్తం ఇవ్వదు ఇది," అని తనలో తానే గొణుక్కుని, నాలిక కరుచుకున్నాడు. "అంటే, డాక్టరు మళ్ళీ వేయించుకోమన్నాడు. వచ్చే శుక్రవారం ఇదే తోలు తెస్తాను."

"తప్పకుండా రండి బాబూ," అన్నాను.

8

ఫిర్యాదు చేద్దామని బజారులో ఫిర్యాదు యంత్రం దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పెట్టగానే, "మీ ఫిర్యాదు మీ ప్రాంత ధ్రువీకరణ అధికారికి పంపబడుతుంది, కొనసాగించమంటారా?" అంది. చెయ్యి తీసేశాను.

అక్కణ్ణుంచి పడవలు బాగుచేసే షెడ్డుకు వెళ్ళాను. పడవల చిల్లులకి వేసే జిగురు అడిగాను. ఉప్పునీళ్ళకీ, ఎండకీ, అలలకీ ఊడనిది. దుకాణం బల్లకి చీలిక వచ్చిందని చెప్పాను. ఇంటికొచ్చి చిటికెడు తీసి నా ఎడమ మడమ మీద వేసుకున్నాను. ఎడం చెయ్యి మీద వేసుకునే ధైర్యం చాల్లేదు. పట్టేశాక నూనెతో రుద్దాను, సబ్బుతో రుద్దాను. కదల్లేదు. చివరికి పడవలవాళ్ళు బ్రష్షులు కడుక్కునే మందు తెచ్చి పోస్తే, పైతోలుతో కలిసి మంటపెడుతూ ఊడింది. ఆ మంట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వాడికీ ఇలాగే మండుతుంది.

మాణిక్యమ్మత్తకి మాత్రం చెప్పాను. ఆవిడ చేప కాలుస్తూ విని, "మరి నా సెయ్యి?" అంది.

"ఏంటత్తా?"

"వాడు సెడిపోతే సెడిపోనీ. దానికి ముందల నా సెయ్యి తెరిపించు. మళ్ళా పుణుకులు ఏసుకుంతాను."

సరేనన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

9

శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. తలుపు వేశాడు, డబ్బా ఇచ్చాడు, కుర్చీలో వెనక్కి వాలాడు.

అరచెయ్యి అంతా తుడిచి, జిగురు పల్చగా పూశాను. వేళ్ళ సందుల్లో కూడా. తమ్ముడి చెయ్యిని దాని మీద పరిచాను. మణికట్టు వైపు నుంచి మొదలుపెట్టి, బుడగ లేకుండా, గీత మీద గీత సర్దుకుంటూ. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

"కాస్త వేడిగా ఉందేం?"

"కొత్త జిగురండీ. చెమటకి లేవదు."

"మంచిది," అని మెచ్చుకుని వెళ్ళాడు.

తిరిగొచ్చాక నూనె పోసి రుద్దాను. రానిదాన్ని రుద్దుతూనే ఉన్నాను. వాడు గోడ గడియారం చూస్తున్నాడు, నేను వాడి మొహం చూస్తున్నాను. మొదట విసుగు. తర్వాత చెమట. తర్వాత చెయ్యి లాక్కుని గోళ్ళతో పీక్కోవడం.

"ఏం పూశావే దీనికి?"

"అదే జిగురండీ. ఎండకి బిగుసుకుందేమో. రేపటికి వదులుతుంది."

గంట దాటిపోయింది. తమ్ముడి చెయ్యి మళ్ళీ మూతపడింది, వాడి చేతి మీదే. వాడు బయటికి పరిగెత్తాడు. నేనూ దుకాణం వదిలేసి వెనకాలే నడిచాను. కారు తలుపు మీద చెయ్యి పెట్టాడు. తెరుచుకోలేదు. పరుగు లాంటి నడకతో ఆఫీసుకు వెళ్ళాడు, గేటు మీద చెయ్యి పెట్టాడు. గేటు అందరికీ వినపడేలా, ఎంతో మర్యాదగా అంది:

"అప్పలకొండ గారూ, మీ చెయ్యి మూసి ఉంది. దయచేసి దూరంగా నిలబడండి."

గేటు దగ్గరున్న జనం వెనక్కి జరిగారు. వాడి చుట్టూ నేల ఖాళీ అయిపోయింది. నా తమ్ముడి పేరు ఆ గేటు నోటెంట విని, ఎన్నాళ్ళకో, కడుపారా నవ్వుకున్నాను.

10

పొద్దున నేను దుకాణం తెరిచేసరికి మెట్ల మీద ఉన్నాడు. చొక్కా చిరిగింది. తోలు పీక్కోబోయి మణికట్టు దగ్గర రక్తం చేసుకున్నాడు. రాత్రంతా సొంత ఇంటి గేటు బయటే ఉన్నాడట.

"మా ఆవిడ గేటు దాకా వచ్చింది. నన్ను చూసింది. తెరిస్తే తనకీ పిల్లలకీ అంటు వస్తుందని, ముందు బాగుచేయించుకుని రమ్మంది," అని, నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపాడు. "నా భార్య!"

మాణిక్యమ్మత్త కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఆసుపత్రికి వెళ్ళకపోయారా?" అన్నాను.

"వెళ్తే ఇది ఎవడి చెయ్యని అడుగుతారు." గొంతు తగ్గించాడు. "కావాలనే చేశావు కదూ? ఎవరు నువ్వు?"

"ఆ చెయ్యి ఎవరిదో చెప్పండి, నేనెవరో చెప్తాను."

వాడు అరచేతి వంక చూసుకున్నాడు. నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. అదే నాకు భరించరానిదైంది.

"రోజూ ఎంతమందో వస్తారమ్మా. ఎవరని చెప్పను?"

"నా తమ్ముడు. మీరు వాడి ఫోను మూయించారు. తుపాను వస్తోందని సముద్రం మీద వాడికొక్కడికే తెలియలేదు."

 వాడు బేరం మొదలెట్టాడు. తోలు తీసేస్తే, తాను మూసిన చేతులన్నీ తెరుస్తాడట. రోజుకొకటి చొప్పున.

"రోజుకొకటెందుకు? ఇవాళే అన్నీ తెరవండి."

"ఒక్కరోజులో అన్ని తెరిస్తే యంత్రానికి నా మీదే అనుమానం వస్తుంది. నా చెయ్యి మూసేస్తుంది. అప్పుడు నాకు దిక్కెవరు?"

మాణిక్యమ్మత్త నా చీరకొంగు పట్టుకుని లాగింది. "ఒప్పుకోయే రత్నం. రోజుకొకటంతే అన్నీ అయిపోతాయి. నిదానంగా కానీ."

ఆవిడ చెప్పింది సబబైన మాట. వాడు రోజూ వచ్చి, నా కళ్ళముందే ఒక్కొక్క చెయ్యీ తెరిచి, చివరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అదే కిటికీ వెనక కూర్చుంటాడు. "తర్వాత!" అంటాడు. 

"కుదరదు. ఇవాళే, అన్నీ," అన్నాను. "తోలు నా దగ్గరే ఉంటుంది. దానికి ఒకవైపు నా తమ్ముడి గీతలు, లోపలివైపు జిగురులో మీ గీతలు. మధ్యలో లేచి వెళ్ళిపోతే ఆ రెండువైపులూ పట్నంలో పెద్దాఫీసు వాళ్ళు చూస్తారు."

"తెరిస్తే పంపవుగా?"

నేను బ్రష్షుల మందు సీసా మూత తీశాను. వాడు దాన్నే ఒప్పందం అనుకున్నాడు.

బ్రష్షుల మందు పోసి తోలు ఊడదీశాను. కేకలు పెట్టాడు. నేను తొందరపడలేదు.

11

మూతపడ్డవాళ్ళందరికీ కబురంపాను. ఆఫీసు తెరిచే వేళకి కిటికీ ముందు వరస కట్టారు. ఎర్రగా కమిలిన చెయ్యి పెట్టి హేమచంద్ర లోపలికి వెళ్ళాడు. అద్దానికి ఇవతల నేను నిలబడ్డాను.

"ముందు అప్పలకొండది," అన్నాను.

"చనిపోయాడన్నావుగా! అతనికెందుకిప్పుడు? బతికున్నవాళ్ళవి..."

"ముందు వాడిది."

తెరిచాడు. పక్క యంత్రంలో చావు నమోదు చేయించాను. "మీ తమ్ముడి మరణానికి విచారిస్తున్నాం," అంది యంత్రం. దొంగ అన్న మాట చెరిగిపోయింది.

తర్వాత వరస కదిలింది. ఒక్కొక్క చెయ్యీ లోపలికి వెళ్ళడం, ఫోను వెలగడం, ఆ మనిషి ఏడవడమో నవ్వడమో. మాణిక్యమ్మత్త ముందుకు రాలేదు. చంటిపిల్లలున్నవాళ్ళని ముందు పంపించింది, ఫ్యాక్టరీ వేళ అవుతోందన్నవాణ్ణి పంపించింది. "నాకేటి తొందర, ముసిల్దాన్ని," అని గోడకి చేరబడింది.

 ప్రతి చేతికీ తెర మీద ఏదో ఎర్రగా వెలుగుతోంది. హేమచంద్ర నా వంక చూసి, "చాలమ్మా. మిగిలింది రేపు. దండం పెడతాను," అన్నాడు. మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు.

"ఇంకొకటి," అన్నాను. తెరిచాడు. "ఇంకొకటి." తెరిచాడు.

మాణిక్యమ్మత్త లేచి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, కిటికీలో పెట్టింది. వాడు తన చెయ్యి యంత్రం మీద ఉంచాడు.

"హేమచంద్ర గారూ, మీ చెయ్యి మూసి ఉంది. దయచేసి దూరంగా నిలబడండి."

వాడు కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. అంతా అయిపోయాక గానీ నేను పక్కకి చూడలేదు. మాణిక్యమ్మత్త చెయ్యి ఇంకా కిటికీలోనే ఉంది.

"ఏటయ్యిందే? నాది అయ్యిందా?" అని అడుగుతోంది.

ఒక్క చెయ్యి తక్కువైంది. చచ్చిపోయినవాడిది ముందు తెరిపించకపోతే సరిపోయేది.

12

తోలు పెద్దాఫీసుకి పంపించాను. పంపనని నేనెప్పుడూ అనలేదు. ఉద్యోగం తీసేసినట్టు, విచారణ మొదలైనట్టు జవాబొచ్చింది. కొత్త అధికారిని తగిన సమయంలో నియమిస్తారట. అప్పటిదాకా కిటికీ మూసే ఉంటుంది, మాణిక్యమ్మత్త చెయ్యీ మూసే ఉంటుంది.

నన్ను ఆవిడ ఒక్క మాట అనలేదు. కాళ్ళ మీద పడితే, "లెగెహే, జనం సూత్తన్నారు," అంది. మోకాళ్ళు పట్టేయడంతో చేపల రేవుకి వెళ్ళలేకపోతోంది. నా బియ్యంలోంచి ఆవిడకి వండి తీసుకెళ్తున్నాను.

హేమచంద్ర ఆఫీసు వరండాలోనే ఉంటున్నాడు. ఇంటికి రానివ్వలేదు. గడ్డం పెరిగింది. దారినపోయేవాళ్ళు అవతలి పక్కగా నడుస్తున్నారు. నేను మాత్రం కావాలనే ఇవతలి పక్కగా నడుస్తాను.

నిన్న మధ్యాహ్నం అటు వెళ్తుంటే వరండాలో మాణిక్యమ్మత్త కూర్చుని ఉంది. నేనిచ్చిన గిన్నె మధ్యలో ఉంది. అందులోంచి సగం వాడి ముందు ఆకులో పెట్టింది. వాడు ఆ కమిలిన చేత్తో తింటున్నాడు.

 "వాడికా? నా అన్నం వాడికా అత్తా?"

"నాకు ఇచ్చీసినాక అది నా అన్నమే."

"వాడు చంపాడు నా తమ్ముణ్ణి!"

"నాకు తెల్దా? అప్పలకొండ నా పొయ్యి కాడ తిన్నోడే కదే." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆకలేత్తందని నా ఎదట కూకుంతే నానేటి సెయ్యను? నువ్వంతే ఎల్లిపోగలవు. నాకు ఇదే సోటు."

వాడు తల ఎత్తలేదు. తినడం మాత్రం ఆపలేదు. వాణ్ణి చూస్తూ నిలబడ్డాను. కోపం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు.

ఇవాళ మళ్ళీ వండాను. మాణిక్యమ్మత్త ఒక్కదానికి సరిపడా. అందులో సగం ఎవరికి పోతుందో నాకు తెలుసు. సగం ఆకలితో పడుకునేది ఆవిడేనని కూడా తెలుసు. అయినా ఒక్క మెతుకు ఎక్కువ వేయలేదు.